మానేసిన టీ

బిలాస్‌పూర్ తెలుగు మహిళా సమితి చైనా మీద యుద్ధం ప్రకటించిన రోజున టిఫిను సేమ్యా ఉప్మా.

యుద్ధమంటే తుపాకులతో కాదు. సరిహద్దులో ఏదో గొడవైందని టీవీలో వారం నుంచీ గొంతులు చించుకుంటున్నారు. పక్క కాలనీ హిందీ ఆడవాళ్ళు చైనా సామాను కొనబోమని ఊరేగింపు తీసి, బుధవారీ బజార్ మూల మీద ఒక ప్లాస్టిక్ బొమ్మని తగలబెట్టారు. ఆ కంపు సాయంత్రం దాకా వదల్లేదు. మర్నాడు పేపర్లో ఫోటో పడింది. ఫోటో కింద వార్తలో, "ఆంధ్రావాళ్ళు మాత్రం కనిపించలేదు" అని ఎవరో అన్నట్టు ఒక ముక్క రాశారు.

సమితికి తగిలింది చైనా కాదు, ఆ ముక్క.

"ఎన్ని తరాలైంది మీ వాళ్ళొచ్చి? ఇంకా మనల్ని వేలెత్తి చూపిస్తున్నారంటే తప్పు మనది కాదూ? వాళ్ళ కంటే గట్టిగా చెయ్యాలి మనం," అంది అధ్యక్షురాలు రాజశ్రీ. ఆవిడ భర్త బొగ్గు కంపెనీలో పెద్ద ఆఫీసరు. హైదరాబాదు నుంచి బదిలీ మీద వచ్చారు. ఏ పనైనా పట్టుకుంటే వదలదు. ఆవిడ వచ్చాకే సమితికి ఒక బ్యానరూ, ఒక మైకూ అమరాయి.

కార్యదర్శి తనూజ. ఆమెకి పొలిటికల్ సైన్సులో ఎమ్మే ఉంది. పెళ్ళై విజయనగరం నుంచి ఈ రైల్వే క్వార్టర్లోకి వచ్చాక ఆ చదువు సమితికి కరపత్రాలు రాయడానికీ, టీవీలో చర్చలు చూస్తూ భర్త రాంప్రసాద్ తప్పు మాట్లాడినప్పుడు నవ్వుకోవడానికీ పనికొస్తోంది. ఈ కరపత్రం కూడా ఆమే రాసింది. "విదేశీ వస్తువు వద్దు, స్వదేశీ మానం ముద్దు" అని మొదలుపెట్టి, తనకే సిగ్గేసి, ఆ వాక్యం కొట్టేసి మామూలుగా రాసింది. తీరా పంచితే కాలనీలో పిల్లలంతా, "ఆంటీ, హిందీ మే భేజో నా, యే పఢా నహీ జాతా," అని, తెలుగు చదవడం రాక తిప్పి పంపించారు. తెలుగువాళ్ళ దేశభక్తి మళ్ళీ హిందీలో అచ్చయింది.

ఉప్మా అయ్యాక రాజశ్రీ రెండో విషయం ఎత్తింది.

"మోప్కా బడి పిల్లలకి ఏటా స్వెట్టర్లు కొంటున్నాం కదా. ఎవరి దగ్గర?"

"గ్రౌండులో టిబెట్ వాళ్ళ దగ్గరండీ," అంది తనూజ. "ఈసారి జిప్పు జాకెట్లు చెప్పాం."

"క్యాన్సిల్ చెయ్యండి. వాళ్ళు చైనావాళ్ళే కదా."

"కాదండీ, టిబెట్..."

"అదే నేనూ అంటున్నది. టిబెట్ ఇప్పుడు ఎక్కడుంది?"

తనూజకి దానికి జవాబు తెలుసు. పరీక్షలో పేజీలకి పేజీలు రాసింది కూడా. కానీ జవాబు తెలిసి ఉండడం వేరు, చేతిలో ఉప్మా ప్లేటు పెట్టుకుని, అందరూ తలలూపుతుండగా అధ్యక్షురాలికి చెప్పడం వేరు. ఆదివారం పెద్ద మీటింగులో అందరి చేతా ప్రమాణం చేయించి, స్వెట్టర్ల సంగతి కూడా తీర్మానం చెయ్యాలనీ, ఈలోపు వెళ్ళి ఆ బజారావిడకి ఆర్డరు లేదని తనూజ చెప్పి రావాలనీ నిర్ణయమైంది.

ఇంటికొచ్చి అత్తగారికి చెప్పింది. అప్పలనర్సమ్మ వత్తులు చేసుకుంటోంది. మామగారు లోకో షెడ్డులో చేసి చేసి ఈ ఊళ్ళోనే పోయారు. "మనం బతకడానికొచ్చినోలం, మనకెందుకే" అన్న మాట ఆ ఇంట్లో దేవుడి పటం కంటే పాతది. సమ్మెలొచ్చినా, ఎన్నికలొచ్చినా, ఊరేగింపులొచ్చినా ఆవిడ కిటికీ మూసి అదే మాట అనేది.

"ఏటీ, ఆ సెట్టరలమ్మ సైనాదా?" అంది అప్పలనర్సమ్మ ఆశ్చర్యపోతూ. "ఎవులన్నారే?"

"రాజశ్రీగారు."

"అచ్ఛా. మీ మావ సచ్చీదాకా షెడ్డులో మద్రాసీయే. మద్రాసెలగుంటాదో ఆయన సూణ్ణేదు."

"పోనీ మీటింగులో ఆ మాట మీరు చెప్పండత్తా."

"నానెందుకు సెప్తానే? మనం బతకడానికొచ్చినోలం," అని అప్పలనర్సమ్మ మళ్ళీ వత్తుల్లో పడింది.

హిందీ కరపత్రాలు అచ్చయి వచ్చాక ఒక పొద్దున్న తనూజ గ్రౌండుకి వెళ్ళింది. దీపావళి ముందే చలి మొదలైంది ఆ ఏడు. ఒకే వరసలో నీలం పట్టాల గుడారాలు, తాళ్ళకి వేలాడే శాలువలు, మఫ్లర్లు, కోతి టోపీలు. చివరి గుడారం యాంగ్‌చెన్‌ది. యాభై దాటిన మనిషి, గుండ్రటి మొహం, మెడలో ఎర్ర పగడం. పుట్టింది మైన్‌పాట్ కొండ మీద, టిబెట్ నుంచి వచ్చినవాళ్ళకి సర్కారు చోటిచ్చిన క్యాంపులో. లూధియానా నుంచి ఊలు సరుకు తెచ్చి చలికాలమంతా ఇక్కడ అమ్ముతుంది. ఛత్తీస్‌గఢీ తనూజ కంటే ఆమెకే బాగా వచ్చు. కూరగాయలావిడతో బేరమాడుతుంటే కళ్ళు మూసుకుని విన్నవాళ్ళెవరైనా పక్కనున్న బెల్తరా పల్లె ఆడపడుచు అనుకోవాల్సిందే.

"రా బహినీ, కూర్చో. మీ జాకెట్ల మూటలు దిగాయి," అంది యాంగ్‌చెన్ ఆ హిందీ ఛత్తీస్‌గఢీ కలగలుపులోనే.

"అది కాదు దీదీ, ఒక మాట చెప్పాలని వచ్చాను," అని తనూజ ఆగింది. ఎలా మొదలుపెట్టాలో తెలియక సంచిలోంచి కరపత్రం తీసి చేతిలో పెట్టింది. చదువుకుంటే ఆమెకే అర్థమవుతుందిలే, తను నోరు తెరవక్కర్లేదు అనుకుంది. చదువుకున్నవాళ్ళ పిరికితనానికి కాగితం కంటే మంచి తోడు లేదు.

యాంగ్‌చెన్ కళ్ళజోడు పెట్టుకుని, వేలు పెట్టి చదివింది. చైనా సామాను కొనం. చైనా సామాను అమ్మేవాళ్ళ దగ్గరా కొనం. మన పండగ, మన దీపం. తనూజ నేల చూస్తూ కూర్చుంది. ఇప్పుడు తిడుతుంది, లేకపోతే ఏడుస్తుంది. ఆర్డరు పోవడం ఒక్కటే అయితే సర్దుకుంటుందేమో. కానీ వీళ్ళు చైనావాళ్ళని తెలుగు సమితి తీర్మానం చేసిందంటే మిగతా కాలనీలూ అదే పట్టుకుంటాయి. ఈ గ్రౌండు వరసంతా చలికాలం సగం కాకుండానే మూటలు కట్టాలి. ఆ సంగతి తనూజకి తెలుసు.

"ఓ దాయి!" అంది యాంగ్‌చెన్, ఓయమ్మో అన్నట్టు.

తల ఎత్తి చూస్తే ఆమె మొహం వెలిగిపోతోంది. కాగితం పైకెత్తి పట్టుకుని వాళ్ళ భాషలో గుడారాల వరస పొడుగునా వినిపించేలా కేకేసింది. ఒక్కొక్కరే వచ్చారు. కాగితం చేతులు మారింది. ఒక ముసలాయన టోపీ తీసి, రెండు చేతుల్తో కాగితం అందుకుని నుదుటికి ఆనించుకున్నాడు. తను రాసిన కాగితాన్ని ఒకరు నుదుటికి ఆనించుకోవడం తనూజ జీవితంలో అదే మొదలు. ఎమ్మే సర్టిఫికెట్‌కి కూడా ఆ భాగ్యం పట్టలేదు.

"ఇన్నాళ్ళూ మేం ఒక్కళ్ళమే అనుకున్నాం బహినీ," అంది యాంగ్‌చెన్ తనూజ చెయ్యి పట్టుకుని. "మీరూ కలిశారు."

"మీరు... చైనా సామాను కొనరా?"

"కొనడమా?" ఆమె నవ్వింది. "మాకిక్కడ ఓటు లేదు. కొందరు తీసుకున్నారు. మా అమ్మ వద్దంది. ఓటు తీసుకుంటే ఇక ఇంటికి పోం అని ఒప్పుకున్నట్టే అనేది. మరి మాకున్నదేమిటి? కొనకపోవడం. అదొక్కటే మా చేతిలో ఉంది."

అప్పుడు చెప్పాల్సింది. తనూజ నోరు తెరిచింది కూడా. కానీ ముసలాయన ఆమె చేతిలో టీ గ్లాసు పెట్టాడు. తాగి, "ఆదివారం మీటింగు ఉంది" అని మాత్రం ఎలాగో నోరు జారి, ఇంటికొచ్చేసింది.

సాయంత్రం రాజశ్రీ ఫోను. "చెప్పారా?"

"కలిశానండీ," అంది తనూజ. అది అబద్ధం కాదు. పొలిటికల్ సైన్సు.

ఆదివారం మధ్యాహ్నం రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాలు నిండింది. ప్రమాణం చెయ్యడానికి అందరూ పట్టుచీరల్లో వచ్చారు. అప్పలనర్సమ్మ కూడా వచ్చింది, ఎందుకొచ్చారని అడిగితే "కాళ్ళు తిమ్మిరెక్కి" అంది. రాజశ్రీ మైకు సవరించుకుని, సైన్యం గురించి నాలుగు మాటలు చెప్పి, "ఇకపోతే స్వెట్టర్ల విషయం" అనేసరికి తలుపు తెరుచుకుంది.

గుడారాల వరసంతా లోపలికొచ్చింది. రోజూ పాత స్వెట్టర్లలో కనిపించేవాళ్ళు ఆ రోజు పాదాల దాకా నల్లటి దుస్తులేసుకున్నారు. ఆడవాళ్ళ నడుముకి రంగురంగుల చారల గుడ్డలు. చేతుల్లో మడతపెట్టిన తెల్లటి పట్టు కండువాలు. యాంగ్‌చెన్ ముందు వరస నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్కరి ముందూ వంగి, మెడలో కండువా వేస్తూ వచ్చింది. వాళ్ళ దేశంలో గురువులకీ, పెళ్ళికొడుకులకీ, దూరప్రయాణం పోయేవాళ్ళకీ వేసేది అది.

రాజశ్రీ మెడలో కూడా పడింది. మైకు చేత్తో పట్టుకుని ఆవిడ అలాగే నిలబడిపోయింది. కండువా అంచుల మీదుగా తనూజ వైపు చూసింది. తనూజ పైకప్పు ఫ్యాన్లు లెక్కపెడుతోంది.

"వీళ్ళెందుకొచ్చారే?" అని గుసగుసగా అడిగింది అప్పలనర్సమ్మ.

"మనం చైనా సామాను మానేస్తున్నామని మెచ్చుకోడానికి."

"ఒలమ్మ!" అంది అప్పలనర్సమ్మ. నోటి మీద చెయ్యి వేసుకుంది. అది నవ్వో బాధో కోడలికి అర్థం కాలేదు.

రాజశ్రీ మర్యాద తెలిసిన మనిషి. ఇంటికొచ్చినవాళ్ళని నిలబెట్టి అడగదు. మైకు యాంగ్‌చెన్‌కి ఇచ్చి, "రెండు మాటలు చెప్పండి" అంది. యాంగ్‌చెన్ మైకుని కొత్త కోడిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుంది.

"నాకు మాట్లాడ్డం రాదు. మా అమ్మ సంగతి చెప్తాను," అంది. "మా దేశంలో టీ పండదు. చైనా నుంచే వచ్చేది, ఇటుకల్లా నొక్కి, గుర్రాల మీద. దాన్ని విరిచి, నల్లగా మరగబెట్టి, వెన్నా ఉప్పూ వేసి చిలికి తాగేవాళ్ళు. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా అదే. పుట్టిన పిల్లకి అదే, చచ్చేవాడికి అదే. మా అమ్మ కొండలు దాటి వచ్చేటప్పుడు కొంగులో ఒక ముక్క మూటకట్టుకుని వచ్చింది. ఆ ముక్క అయిపోయాక, ఇక కొనను అంది. ఎవరూ చెప్పలేదు. మీటింగు లేదు. క్యాంపులో ఆడవాళ్ళు ఒకర్ని చూసి ఒకరు మానేశారు."

"మరేటి తాగీవోరు?" అప్పలనర్సమ్మ గట్టిగా అడిగింది. హాల్లో అందరూ వెనక్కి తిరిగారు. కిటికీలు మూసుకునే ఆవిడ మీటింగులో నోరు విప్పడం కోడలు ఎప్పుడూ చూడలేదు.

"ఇక్కడి టీ పొడి, దాయీ. రంగు రాదని సోడా వేసేవాళ్ళు. అమ్మ రోజూ తాగేది, రోజూ బాగాలేదనేది. బతికినంతకాలం రోజూ బాగాలేదంది. ఒకసారి మా మేనమామ నేపాల్ వెళ్ళి అసలు ఇటుక తెచ్చాడు. అమ్మ చేతిలోకి తీసుకుని వాసన చూసింది. చాలాసేపు చూసింది. 'మంచి సరుకు' అని మెచ్చుకుని తిరిగిచ్చేసింది. మామయ్య దాన్ని దాచాడు. అమ్మ ఆఖరి రోజుల్లో అన్నం పోవట్లేదు. నాకు ఆగలేదు. చెప్పకుండా ఆ ఇటుక విరిచి, వెన్నేసి చిలికి, పెదాల దగ్గర పెట్టాను. వాసనకే పోల్చింది. నవ్వింది. నా బుగ్గ నిమిరింది. మొహం గోడవైపు తిప్పుకుంది."

బయట యార్డులో బొగ్గు బండి కదులుతోంది. పెట్టె వెనక పెట్టె, ఎంతకీ అవ్వదు.

తనూజకి తను మానేసిన చైనా సామాను గుర్తొచ్చింది. తెలిపారా బజార్లో కొనాలనుకున్న రంగు దీపాల దండ. అది మానేసినందుకు వారం నుంచీ లోలోపల ఎంత మురిసిపోతోందో! ఎదుటివాడి వస్తువు మానడానికి ఊరేగింపులు కావాలి. ఈ మనుషులు మానేసింది ఎదుటివాడి వస్తువుని కాదు, తమ ఇంటి రుచిని. ఇంటికి పోయే దారి మూసేస్తే, ఆ దారిలో వచ్చే ఆఖరి రుచిని కూడా తమ చేత్తోనే మూసుకున్నారు. చప్పుడు లేకుండా. ఎమ్మే పుస్తకాల్లో ఎక్కడా ఇది లేదు.

"మరి నువ్వు తాగినావా, ఆ మిగిలింది?" అప్పలనర్సమ్మ ముందుకి వంగి అడిగింది.

"లేదు దాయీ. నాకు ఆ రుచే తెలీదు. ఎప్పుడూ తాగలేదు. అమ్మ మానేసింది కదా, నేనూ మానేసినట్టే."

"రుచే తెల్దా!" అంది అప్పలనర్సమ్మ. తర్వాత తనలో తను చెప్పుకుంటున్నట్టు, "మనవైతే ఇజీనారం నుంచి సింతపండు రాపోతే రైలుని తిట్టుకుంటాం," అంది.

రాజశ్రీ మైకు తిరిగి తీసుకుంది. ఆవిడలో ఉన్న మంచి గుణం, తప్పుని కూడా పూర్తిగా ఒప్పుకుంటుంది, సగంలో దాచదు.

"మీకొక మాట చెప్పాలి. మేం... మీరు చైనావాళ్ళనుకున్నాం. మీ సరుకు కొనకూడదని ఈ రోజు తీర్మానం చెయ్యాలనుకున్నాం."

యాంగ్‌చెన్‌కి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక తనూజ వైపు చూసింది. మొన్న పొద్దున్న ఒక మాట చెప్పాలని వచ్చి, కాగితం చేతికిచ్చి, నేల చూస్తూ కూర్చున్న మనిషి. ఇద్దరి చూపులూ కలిశాయి. తనూజ ఈసారి ఫ్యాన్ల వైపు తప్పించుకోలేదు. వెనక నుంచి ముసలాయన ఏమన్నారని అడిగాడు. యాంగ్‌చెన్ వాళ్ళ భాషలో చెప్పింది. ఆయన ఏదో అన్నాడు.

"ఏమంటున్నారు?" అంది రాజశ్రీ.

"వాళ్ళ నాన్న ముందే పోవడం మంచిదైందట, ఇది వింటే ఇప్పుడు పోయేవాడట."

ఎవరో ఫక్కున నవ్వారు. ఆ నవ్వు హాలంతా పాకింది. ముసలాయన కూడా నవ్వాడు. అంతటితో తేలికగా అయిపోయేదే. రాజశ్రీ "జాకెట్ల ఆర్డరు అలాగే ఉంటుంది" అని మైకులో అనేసింది కూడా. చప్పట్లు కొట్టారు.

యాంగ్‌చెన్ మాత్రం చప్పట్లు కొట్టలేదు.

"జాకెట్లు ఇవ్వను," అంది.

చప్పట్లు ఆగిపోయాయి.

"మూటలు విప్పుతుంటే లూధియానా సేట్ ఫోన్ చేశాడు. గుడ్డ ఇక్కడిదే, జిప్పు చైనాది, ఎవరు చూస్తారులే అన్నాడు. నేనూ అదే అనుకున్నాను, ఎవరు చూస్తారని. చిన్న జిప్పు. చలికాలం బేరం. అమ్మేద్దామనే అనుకున్నాను. బహినీ కాగితం తెచ్చిన పొద్దున్నే అనుకున్నాను." ఆమె కండువా అంచు వేళ్ళకి చుట్టుకుంది. "బహినీ నన్నడిగింది, చైనా సామాను కొనరా అని. అడగడం మంచిదైంది. మీకు బొత్తాల స్వెట్టర్లు ఇస్తాను."

"జిప్పే కదండీ," అంది రాజశ్రీ. చైనా మీద యుద్ధం ప్రకటించిన మనిషే. "జిప్పు దగ్గర పట్టింపేముంది?"

"మా అమ్మకి అది గుక్కెడు టీయే," అంది యాంగ్‌చెన్.

అప్పలనర్సమ్మ లేచి నిలబడింది. ఎవరూ అడక్కుండానే చెయ్యెత్తి, "బొత్తాలవే రాయండి," అంది. "పిల్లలకి బొత్తాం ఎట్టుకోడం మేం నేర్పుతాం. ఏటమ్మా, సెయ్యెత్తరేటి?"

చేతులు లేచాయి. తనూజ పుస్తకంలో రాసుకుంది.

మర్నాడు పొద్దున్నే అత్తా కోడళ్ళు స్వెట్టర్లు ఎంచడానికి గ్రౌండుకి వెళ్ళారు. యాంగ్‌చెన్ గుడారం వెనక జాకెట్ల మూటలు తాళ్ళతో బిగించి ఉన్నాయి, తిరుగు పార్శిలుకి. ఆమె మామూలుగానే పలకరించింది, మామూలుగానే టీ ఇచ్చింది. మొన్నటి సంగతి ఎత్తలేదు. తనూజే ఎత్తింది.

"ఆ రోజు వచ్చింది ఆర్డరు వద్దని చెప్పడానికి దీదీ."

"నిన్న తెలిసింది," అంది యాంగ్‌చెన్ స్వెట్టరు మడత విప్పుతూ. "చెప్పకపోవడమే నయమైంది. చెప్పుంటే కోపంతో ఆ జాకెట్లన్నీ అమ్మేసేదాన్ని. ఇదిగో, ఈ నీలం చూడండి, బడి రంగు."

అంతలో ఒకావిడ పిల్లాణ్ణి చంకనేసుకుని వచ్చింది. పిల్లాడికి ముక్కు కారుతోంది. "జిప్పు జాకెట్ ఉందా? వీడు బొత్తాలు పీకేస్తాడు."

"లేవు," అంది యాంగ్‌చెన్.

ఆవిడ గుడారం వెనక్కి తొంగిచూసింది. ఒక మూట కన్నంలోంచి ఎర్రటి జాకెట్ చెయ్యి ఒకటి బయటికి వేలాడుతోంది. "అదేమిటి మరి?"

"అమ్మేది కాదు."

"డబ్బులిస్తానంటుంటే!"

"అమ్మేది కాదు బహినీ."

ఆవిడ విసుక్కుంటూ పక్క గుడారానికి వెళ్ళింది. అక్కడా లేవన్నారు. దాని పక్కన కూడా. ప్రతి గుడారం వెనకా తాళ్ళు బిగించిన మూటలున్నాయి. అప్పటిదాకా తనూజ అవి చూడనే లేదు. నిన్న హాల్లో ఎవరూ వాళ్ళనడగలేదు, తీర్మానంలో వాళ్ళ పేరు లేదు.

"ఒలే, అందరూనా?" అంది అప్పలనర్సమ్మ మెల్లిగా, గుళ్ళో మాట్లాడినట్టు.

ఆ తల్లి పిల్లాణ్ణి ఆ చంక నుంచి ఈ చంకకి మార్చుకుంటూ వరస అవతలి చివరిదాకా అడుగుతూనే పోయింది. గుడారం గుడారం ముందూ ఒక తల అడ్డంగా ఊగడం, ఆమె ముందుకి కదలడం, మళ్ళీ ఒక తల ఊగడం. అత్తా కోడళ్ళిద్దరూ చేతుల్లో నీలం స్వెట్టర్లతో, అవి పట్టుకున్నామన్న సంగతి కూడా మర్చిపోయి చూస్తూ నిలబడ్డారు.